మమ్మల్ని కూర్చోబెట్టకండి

(ప్రపంచ క్యాన్సర్ దినం సందర్భంగా నెల్లూరులో జరిగిన సభలో ఒక రిటైర్డ్ లెక్కల టీచరు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న డాక్టర్లకు, కమిషనర్ గారికి, ముందు వరసలో కూర్చున్న వాకర్స్ సంఘం వారికి, వెనక ఫ్యాను కింద సర్దుకున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. ఇంకా చాలా పేర్లు చదవమని చీటీ ఇచ్చారు గానీ, నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలందరూ చదివేశారు. నేనూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి. శాలువా మాత్రం వద్దండీ. ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. నెల్లూరు ఎండకి కప్పుకునేదెప్పుడు?

నాకిచ్చిన అంశం క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికి వ్యాయామం. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. వైద్యం బాగా చేశారు, ఆ విషయంలో నాకే కంప్లయింటూ లేదు. నా కంప్లయింటంతా ఆ తర్వాత జరిగినదాని మీదే.

చెన్నైలో ఒక పెద్దాసుపత్రి, పేరెందుకులెండి. డిశ్చార్జి కాగితంలో మాత్రలు, ఏ పూట ఏది వేసుకోవాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ టైపు చేసి ఇచ్చారు. అడుగున పెన్నుతో రెండు ముక్కలు: విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. ఎన్నాళ్లు? ఎంత బరువు? ఇంగువ డబ్బా కూడా బరువేనా, లేక నీళ్ల బిందె సంగతా? అడిగితే "జాగ్రత్తగా ఉండండమ్మా" అన్నారు. ఆ రెండు ముక్కలే మా ఇంట్లో చట్టమైపోయాయి.

రేడియేషన్ అయిపోయి నెలలు గడిచాక సంక్రాంతి వచ్చింది. మా ఆడబిడ్డ ఆత్మకూరు నుంచి దిగింది. చాలా మంచి మనిషి. కీమో రోజుల్లో నాకు గంజి కాచి పోసింది ఆమే. భోగి ముందురోజు రాత్రి నేను ముగ్గుగిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. నాలుగు వరసలు చుక్కలు పెట్టానో లేదో, వెనక నుంచి వచ్చి గిన్నె లాక్కుంది. "వంగబాకొదినా! మేమంతా లేమా? నీకేమన్నా అయితే మా అన్నకేం చెప్పాల?" అని ఒకటే గోల. అరుగు మీద కుర్చీ వేశారు. మోకాళ్ల మీద దుప్పటి కప్పారు. వీధి వీధంతా ముగ్గులేస్తుంటే నేను పెళ్లికొచ్చిన పెద్దముత్తైదువలాగా చూస్తూ కూర్చున్నా. పక్కింటావిడ వచ్చి, "అదృష్టవంతురాలివి టీచరమ్మా, కాలు కింద పెట్టనీకుండా చూసుకుంటుండారు" అని మెచ్చుకుని పోయింది. మిగతా ముగ్గు మా ఆడబిడ్డ వేసింది. ఒక చుక్క తప్పింది. లెక్కల టీచర్ని, చుక్క తప్పితే నాకు నిద్ర పడుతుందా? అందరూ పడుకున్నాక లేచి వెళ్లి, చెరిపేసి, మళ్లీ వేశాను. తొడలు పట్టేశాయి, నడుం లాగింది. అంతకు మించి ఏమీ కాలేదు.

ఇది వదినా ఆడబిడ్డల పంచాయితీ అనుకోకండి. ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే. కీమో, రేడియేషన్ తెచ్చే నీరసం పడుకుంటే పోయే నీరసం కాదు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు అట్టాగే ఉంటుంది. దానికి విరుగుడని ఇంకా పడుకోబెడతారు. వాడని కండ కరిగిపోతుంది, కాళ్లలో బలం తగ్గుతుంది. దాంతో నాలుగడుగులేస్తేనే ఆయాసం. ఆయాసం చూసి మళ్లీ మంచం ఎక్కిస్తారు. అసలు జబ్బు పోయినా ఈ రెండో జబ్బు ఇంట్లోనే తయారవుతుంది. వివిధ దేశాల నిపుణులు కలిసి 2019లో ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది: వారానికి 3 సార్లు, సారికి అరగంట చొప్పున కాస్త చురుగ్గా నడక, 2 సార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం. నీరసం తగ్గడానికి, టెన్షన్, దిగులు తగ్గడానికి, రోజువారీ బతుకు తేలికవడానికి అది పనిచేస్తుందని.

మా హాల్లో గోడ మీద మనవడి ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి. వాటి పక్కనే నా సుద్దముక్క గీతలు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి గోడకి ఆనించి, వేళ్లను అంగుళం అంగుళం పైకి పాకించాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత. మొదటి గీత స్విచ్ బోర్డు దగ్గరే ఆగింది. క్యాలెండరు మేకు దాటేసరికి అటక మీద డబ్బా నేనే దించుకోగలిగాను. ఇది నాకు ఎవరు నేర్పారనుకున్నారు? ఆసుపత్రిలో పక్క బెడ్డు ఆమెకి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పుతుంటే చూసి నేర్చుకున్నా. ఆ అమ్మాయి లిస్టులో నా పేరు లేదు!

ఇక్కడ రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లు ఎందరున్నారు? చేతులెత్తండి. రెండు చేతులూ. పూర్తిగా, చెవులకి ఆనేట్టు. ఆ మూడో వరసలో ఆకుపచ్చ చీర అమ్మా, నీ ఎడం చెయ్యి భుజం కూడా దాటట్లేదు. సభ అయ్యాక నన్ను కలువు, పారిపోబాక.

చెయ్యి వాపు భయం అందరికీ ఉంటుంది. చంకలో ఉండే లింఫు గ్రంథులు తీసేశాక కొందరికి చెయ్యి నీరుపట్టి ఉబ్బుతుంది. బరువెత్తితే ఇంకా ఉబ్బుతుందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. అమెరికాలో, అప్పటికే వాపున్న 141 మంది ఆడవాళ్ల మీద పరీక్ష చేసి 2009లో ప్రచురించారు. చేతికి బిగుతు తొడుగు వేసి, దగ్గరుండి నేర్పించి, తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. వాపు పెరగలేదు. పైగా ఉన్నట్టుండి వాపు ఎక్కువవడం తగ్గింది. ఇది వచ్చి ఇన్నేళ్లయినా మన కాగితాల్లో ఆ రెండు ముక్కలే ఉన్నాయి.

2025లో ఇంకోటి వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చి పంపారు. రెండో జట్టుకి మూడేళ్లపాటు వెంటపడి వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకి మొదటి జట్టులో నూటికి 83 మంది, రెండో జట్టులో 90 మంది బతికున్నారు. ఇప్పుడు మనకిచ్చేది పుస్తకం కూడా కాదు, పెన్నుతో రెండు ముక్కలు.

డాక్టర్ గారు నా వైపు చూస్తున్నారు. అవును సార్, అది పెద్దపేగు క్యాన్సర్ లెక్క, అన్నిటికీ అంటగట్టను. వ్యాయామం చేసిన జట్టులో కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు ఎక్కువే వచ్చాయి, అదీ చెబుతున్నా. నడిస్తే చాలు మాత్రలు మానెయ్యొచ్చని ఇంటికెళ్లి ఎవరన్నా అంటే నా పేరు చెప్పబాకండి. జబ్బు ఎముకలకి పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు, జ్వరమున్నవాళ్లు, కీమోతో అరికాళ్లు మొద్దుబారి స్పర్శ తెలియనివాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

రోగి బతుకు ఎలా ఉందో కొలవడానికి యూరప్ వాళ్లు తయారు చేసిన ప్రశ్నపత్రం ఒకటుంది. 30 ప్రశ్నలు. మొదటివి ఏంటో తెలుసా? బరువైన సంచి మోయడం లాంటి పనులకు ఇబ్బంది ఉందా, ఎక్కువ దూరం నడవగలవా, ఇంటి బయట కాస్త దూరమన్నా నడవగలవా, పగలు మంచంలోనో కుర్చీలోనో ఉండిపోవాల్సి వస్తోందా. నొప్పి సంగతి వీటి తర్వాతే. మనవాళ్లు చూడడానికొచ్చి అడిగేదేంటి? "చిక్కిపోయావే, ఏం తింటుండావ?"

మా వీధిలోవాళ్లు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకి పోయి నాకోసం ఆరోగ్య రొట్టె పట్టారు. ఇంటికి తెచ్చిచ్చారు, కళ్లకద్దుకుని తిన్నా. వాళ్ల రుణం తీర్చుకోలేను. కానీ ఆ చెరువుగట్టు దాకా నన్ను నడిపించుకుపోదామని ఒక్కరికీ తోచలేదు.

అధ్యక్షులు గంట కొడుతున్నారు. రెండే మాటలు. డాక్టర్లూ, మాత్రలు రాసినట్టే నడక కూడా రాయండి: ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు, ఏది చేయకూడదు. మీరు కాగితం మీద రాస్తే మా ఆడబిడ్డ నోరెత్తదు. రెండోది కమిషనర్ గారికి. మా పేటలో పిల్లల ఆటస్థలం ఉంది, చుట్టూ నడవడానికి బాట కూడా వేశారు. గేటుకి ఏడింటి దాకా తాళం. ఎండాకాలం ఏడింటికి బయట ఎట్టుంటుందో మీకు తెలియనిది కాదు. రోడ్డు మీద నడుద్దామంటే ఫుట్‌పాత్ నిండా బండ్లు, సందు తిరిగితే కుక్కలు. అర్జీ ఇచ్చాం, వాచ్‌మన్ని అడగమన్నారు. వాచ్‌మన్ తాళం ఆఫీసులో ఉందన్నాడు. ఆఫీసులో వాచ్‌మన్ దగ్గరుందన్నారు. సార్ లేస్తున్నట్టున్నారు. ఐదింటికి గేటు ఎవరు తీస్తారో మైకులో చెప్పి వెళ్లండి సార్.