సలహాదారుకి డబ్బులు ఎవరిస్తున్నారు?

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాన్న ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. చక్రవడ్డీ ఇప్పటికీ నోటితోనే కట్టేస్తారు. అలాంటి మనిషి రిటైరైన మూడో నెలలో బ్యాంకుకి వెళ్లి వచ్చి, "ఐదు లక్షలు డిపాజిట్ వేశానమ్మా, ఎఫ్‌డీ కన్నా ఎక్కువ వస్తుందట" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఇంకో ఐదు లక్షలు కట్టమని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. బీరువాలోంచి కాగితాలు తీసి చదివితే అది డిపాజిట్ కాదు, ఏటా ఐదు లక్షల చొప్పున ఐదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా పాలసీ. పెన్షన్ మీద బతికే మనిషి ఏటా ఐదు లక్షలు ఎక్కణ్ణుంచి తెస్తారు చెప్పండి.

ఆ రోజు నాన్న నాతో అన్న మాట నాకింకా గుర్తుంది. "కంపెనీవాళ్లు ఫోన్ చేసి ఏవో అడిగారమ్మా, అన్నిటికీ అవునని చెప్పమన్నాడు ఆ బ్యాంకు అబ్బాయి, మా స్కూల్లో చదువుకున్న కుర్రాడిలా ఉన్నాడు, నమ్మాను." ఆ ఫోన్ కాల్ పెట్టింది మనల్ని కాపాడటానికే. పాలసీ సంగతి మీకు అర్థమైందా లేదా అని కంపెనీ మనల్నే నేరుగా అడిగి రికార్డు చేసుకుంటుంది. పక్కన ఎవరో నిలబడి "అవునని చెప్పండి సార్" అంటే అక్కడే ఆగిపోవాలి.

బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం, కాదన్నారు. తర్వాత హైదరాబాద్‌లో ఉన్న, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే, బీమా అంబుడ్స్‌మన్‌కి రాశాం. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ ఆఫీసుకి ఉంది. తిరగ్గా తిరగ్గా కట్టిన డబ్బు వెనక్కి వచ్చింది, వడ్డీ మాత్రం రాలేదు. అంతకంటే నన్ను బాధపెట్టింది, నాన్న చాలా రోజులు ఎవరితోనూ డబ్బు మాట ఎత్తకపోవడం. లెక్కల మాస్టారుని అయ్యుండి మోసపోయానే అన్న సిగ్గు ఆయనకి. తప్పు ఆయన లెక్కలో లేదు. ఎదురుగా కూర్చున్నవాడికి ఆ రోజు డబ్బు ఎవరిస్తున్నారో ఆయన అడగలేదు, అంతే.

ఇవాళ నేను మీతో మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే. మన డబ్బు గురించి మనకి సలహా ఇచ్చే మనిషికి డబ్బు ఎవరిస్తున్నారు? మనమా, అమ్మే కంపెనీయా?

మన దగ్గర ఎవరు పడితే వాళ్లు "ఫైనాన్షియల్ అడ్వైజర్" అని కార్డు వేయించుకుంటారు. పాలసీలు అమ్మే ఏజెంటు, బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్, మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్, అందరూ మనకి అడ్వైజర్లే. చట్టం అలా చూడదు. 2013లో, షేర్ మార్కెట్‌నీ మ్యూచువల్ ఫండ్లనీ అదుపులో ఉంచే సంస్థ సెబీ, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. వాటి కింద రిజిస్టరైనవాళ్లు ఫీజు మన దగ్గరే తీసుకోవాలి, మనకి చెప్పిన ఫండ్ మీద కమీషన్ ముట్టుకోకూడదు. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండేది ఏఆర్ఎన్ నంబరు, అంటే ఫండ్లు అమ్మడానికి అనుమతి.

డిస్ట్రిబ్యూటర్లు, ఏజెంట్లు అందరూ చెడ్డవాళ్లని నేను అనను. మా ఊళ్లో ఒక ఎల్ఐసీ ఏజెంటు గారు ఉన్నారు, భర్త పోయిన ఇంటికి కర్మలయ్యాక వెళ్లి, క్లెయిమ్ ఫారాలన్నీ తనే నింపి, డబ్బు చేతికొచ్చేదాకా తిరుగుతారు. అలాంటి మనిషికి వచ్చే కమీషన్ ఆయన కష్టార్జితమే. కానీ ఆయన సంచిలో ఉన్నదే ఆయన ఇవ్వగలరు. "నీకు పాలసీ అక్కర్లేదు, ముందు అప్పు తీర్చేయి" అని చెబితే ఆ రోజు ఆయనకి రూపాయి రాదు.

కమీషన్ మన జేబులోంచి పోతున్నట్టు కనిపించదు, అందుకే సలహా ఉచితం అనుకుంటాం. మ్యూచువల్ ఫండ్లలో 2013 జనవరి నుంచి ఒకే ఫండ్‌ని రెండు రకాలుగా కొనొచ్చు. డైరెక్ట్ ప్లాన్‌లో కమీషన్ ఉండదు, రెగ్యులర్ ప్లాన్‌లో ఉంటుంది. ఉదాహరణకి నెలకి పది వేల చొప్పున ఇరవై ఏళ్లు కట్టారనుకుందాం. ఏటా 12 శాతం వస్తే దాదాపు 99 లక్షలవుతుంది, ఒక శాతం తగ్గి 11 వస్తే 86 లక్షల చిల్లర. తేడా పన్నెండు లక్షలు. 12 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ ఒక్క శాతం ఎంత పని చేస్తుందో చూపించడానికే ఈ లెక్క. మీ ఫండ్లన్నిటి లెక్కా ఒకేచోట చూపిస్తూ ఆరు నెలలకోసారి మీకొచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో డిస్ట్రిబ్యూటర్‌కి ఎంత వెళ్లిందో రూపాయల్లో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి.

మరి అందరికీ అడ్వైజర్ కావాలా? అక్కర్లేదు. జీతం మీద బతుకుతూ, పీఎఫ్ కడుతూ, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని, మనిషి పోతేనే ఇంటికి డబ్బొచ్చే ఒక టర్మ్ ఇన్సూరెన్సూ ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా తీసుకుని, మిగిలింది నెలనెలా, మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీల షేర్లనే కొనే ఒక ఇండెక్స్ ఫండ్‌లో వేసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. నెలకి మూడు రూపాయల వడ్డీకి అప్పు ఉన్నవాళ్లకి కూడా అడ్వైజర్ కన్నా ముందు ఆ అప్పు తీరడం అవసరం.

కావాల్సింది ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతిలో పడినప్పుడు. రిటైర్మెంట్ డబ్బు, పొలం అమ్మిన డబ్బు, రోడ్డు కింద భూమి పోతే వచ్చిన పరిహారం, భర్త పోయాక వచ్చిన బీమా డబ్బు. పొలం అమ్మినవాళ్ల సంగతే చూడండి, రిజిస్ట్రేషనైన వారంలోనే బంధువులు, బ్యాంకువాళ్లు, ప్లాట్ల బ్రోకర్లు, చిట్టీలవాళ్లు అందరూ గుమ్మంలో ఉంటారు. తరతరాలుగా ఇంటికి అన్నం పెట్టిన భూమి డబ్బయి కూర్చుంటే దాన్ని ఎలా పట్టుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ అలవాటుండదు. అక్కడ మంచి సలహాకి కట్టే ఫీజు దండగ కాదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లల పేరు మీద ఇక్కడ మ్యూచువల్ ఫండ్లు కొంటున్నారు చాలామంది. అమెరికా పన్ను చట్టం మన ఫండ్లని వేరే తరగతిలో పెట్టి గట్టిగా పన్ను వేస్తుంది, ప్రతి ఫండ్‌కీ విడిగా ఫారం కూడా నింపాలి. రెండు దేశాల పన్ను తెలిసినవాళ్లని అడిగాకే కొనండి.

సరే, నాన్న సంగతికొస్తాను. మిగిలిన డబ్బు కోసం మేము సెబీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల జాబితా తెరిచి, తెలుగు మాట్లాడేవాళ్లని వెతికి ముగ్గురికి ఫోన్ చేశాం. ఒకాయన ఐదు నిమిషాల్లోనే రెండు ఫండ్ల పేర్లు చెప్పేశారు, ఆయన్ని వదిలేశాం. ఇంకొకరు మా మొత్తం డబ్బు మీద ఏటా ఒక శాతం అడిగారు. అది నిబంధనల ప్రకారం తప్పు కాదు, కానీ ఒక శాతం అంటే 50 లక్షల మీద ఏటా 50 వేలు, పని పెరిగినా పెరగకపోయినా. మూడో ఆవిడ ఒక్కసారికి ఇరవై వేలన్నారు. "మాటకి ఇరవై వేలా?" అని నాన్న ఫోన్ పెట్టేశాక మంచం మీద అలా కూర్చుండిపోయారు. నేనేమీ వాదించలేదు. మర్నాడు పొద్దున ఆయనే కాగితం తీసి, ఆ పాలసీ మీద మాకు రాకుండా పోయిన వడ్డీ ఎంతో కట్టుకుని, "సరే, అడుగుదాం" అన్నారు. ఫీజుకి పైహద్దు కూడా ఉంది, ఒకే మొత్తంగా తీసుకుంటే కుటుంబానికి ఏడాదికి పన్నులు కాక 1,51,000 రూపాయలు దాటకూడదు.

ఆవిడ మొదటి గంటంతా ఏ ఫండ్ పేరూ ఎత్తలేదు. నెల ఖర్చెంత, అమ్మ మందులకి ఎంతవుతుంది, ఇల్లు ఎవరి పేరున ఉంది, అన్ని ఖాతాలకీ నామినీ ఉన్నారా, మార్కెట్ పడి పది లక్షలు ఎనిమిదైతే మీకు నిద్ర పడుతుందా, ఇవే అడిగారు. రాతపూర్వక ఒప్పందం పంపారు, దాన్ని చదివాకే డబ్బు కట్టాం. తర్వాత ప్లాన్‌లో పెద్ద భాగం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టమన్నారు. దాంట్లో ఒకరికి 30 లక్షల వరకు పెట్టొచ్చు, ఈ ప్రసంగం రాసేనాటికి 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. అందులో ఆవిడకి పైసా రాదు. నాన్నకి ఆవిడ మీద నమ్మకం కుదిరింది సరిగ్గా అక్కడే.

మీరు వెతుక్కునేటప్పుడు నంబరు ఒక్కటి చూసి ఊరుకోకండి. సెబీ జాబితాలో ఆ నంబరు పక్కనున్న పేరు, ఫోను, మీతో మాట్లాడుతున్న మనిషివేనా చూసుకోండి, ఎందుకంటే వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వేరేవాళ్ల నంబరు పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. "గ్యారంటీగా ఇంత వస్తుంది" అన్న మాట వినపడితే ఫోన్ పెట్టేయండి, రిజిస్టరైన అడ్వైజర్ ఆ మాట అనకూడదు. పెట్టుబడి డబ్బు ఎప్పుడూ అడ్వైజర్ సొంత ఖాతాకి పంపకండి, మీ షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా పాస్‌వర్డో ఓటీపీయో అడిగితే ఇవ్వకండి. మొహమాటపడకుండా అడగండి: "మీకు నేను కాక ఇంకెవరైనా డబ్బిస్తున్నారా? కాగితం మీద రాసిస్తారా?" మంచివాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఇప్పుడు ఈ మాటలు వింటున్నవాళ్లలో ఈ మధ్యే బ్యాంకులోనో ఇంట్లోనో ఏదో సంతకం పెట్టి, అదేమిటో సరిగ్గా తెలియక టెన్షన్ పడుతున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. ఇవాళ రాత్రే ఆ కాగితాలు తీయండి. అది బీమా పాలసీ అయితే, బాండు మీ చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల లోపు వద్దని వెనక్కి ఇచ్చేయొచ్చు, కాస్త ఖర్చులు మినహాయించి డబ్బు తిరిగిస్తారు. ఉత్తరం రెండు కాపీలు రాసి, ఒకటి కంపెనీ ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు సంతకం పెట్టి ఉంటే వాళ్లని కోప్పడకండి, పక్కన కూర్చుని కాగితం చదవండి.

నమస్కారం.