మా 2008 కామ్రీ మలుపుల్లో ఊగడం మానేసింది | అమ్మతో మళ్లీ హైవే 17

అందరికీ నమస్కారమండీ. ఇప్పుడు మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్నది హైవే 17. కాలిఫోర్నియాలో శాన్ హోసే నుంచి కొండల మీదుగా శాంటా క్రూజ్ బీచ్‌కి వెళ్లే దారి. బే ఏరియా వాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి ఒక్క మాట: ఒంపు వెనక ఒంపు, ఎక్కడం, దిగడం, అంతా మన ఘాట్ రోడ్డులాగే ఉంటుంది. కానీ ఇక్కడ లిమిట్ 50 మైళ్లు, అంటే గంటకి 80 కిలోమీటర్లు. మధ్యలో కాంక్రీటు గోడ, పక్కన కొండ. నిదానంగా పోదామన్నా వెనకవాళ్లు పోనివ్వరు.

పోయిన నెల ఇదే రోడ్డు మీద మా అమ్మకి వాంతులయ్యాయి. తిరుపతి నుంచి వచ్చి అప్పటికి పది రోజులే. సముద్రం చూపిద్దామని ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. లెక్సింగ్టన్ రిజర్వాయర్ దాటి ఎక్కడం మొదలయ్యాక అమ్మ మాటలు తగ్గిపోయాయి. అద్దంలో చూస్తే కళ్లు మూసుకుని, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. సమ్మిట్ దాటి దిగుతుంటే, లారెల్ కర్వ్ అని ఒక పెద్ద మలుపు వస్తుంది, అక్కడ "నాయనా, పక్కన ఆపరా" అంది. ఆపడానికి చోటు లేదు. వెనక సీట్లో మా ఆవిడ కవరు పట్టుకుంది.

తర్వాత స్కాట్స్ వ్యాలీలో ఆగి నీళ్లు ఇచ్చినప్పుడు అమ్మ అన్న మాట నాకు గుచ్చుకుంది. "మీ నాన్న జీపులో కొండకి ఎన్నిసార్లు పోయుంటానో, ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదురా."

మా నాన్న తిరుమలకి జీపు తోలేవారు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, ఇప్పుడు కొండ దిగడానికి వాడుతున్నది, ఆయనకి అరచేతిలో గీతలా తెలుసు. ఆ జీపుకి మెత్తని సీట్లు లేవు, ఏసీ లేదు. మరి అందులో రాని వాంతి, సుఖంగా ఉంటుందని కొన్న కామ్రీలో ఎందుకొచ్చింది? నెల రోజులుగా నేను పట్టుకున్న ప్రశ్న ఇదే.

ముందు బండి గురించి చెప్తాను. 2008 కామ్రీ, ఎల్ఈ, నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ ఇంజన్. ఆఫీసులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పుడు మీటరు మీద 1,62,000 మైళ్లు. ఎల్ఈ అంటే గుంతలు తెలియకుండా మెత్తగా పోవాలని చేసిన మోడల్. అదే ఏడాది ఎస్ఈ అని ఇంకొకటి అమ్మారు. దానికి గట్టి స్ప్రింగులు, గట్టి షాకులు, వెనక సీటు వెనకాల అదనంగా ఒక ఇనుప ఊత ఉండేవి. ఆ ఊత వల్లే ఎస్ఈలో వెనక సీటు మడతపడదు. అంటే ఇదే బాడీకి మలుపుల్లో బాగా నిలబడే సత్తా ఉంది.

నేను వెంటనే కొనేద్దామనుకున్నవి వేరే. బండిని కిందికి దించే స్ప్రింగులు, లావాటి స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ), ఇంజన్ మీద వేసే స్ట్రట్ బార్. ఆన్‌లైన్ కార్ట్‌లో తొమ్మిది వందల డాలర్లు అయింది. ఆర్డర్ చేసే ముందు మౌంటెన్ హౌస్ అనే ఊళ్లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. అక్కావాళ్ల ఇంట్లో రెండు కార్లకీ రిపేర్లు ఆయనే చేసుకుంటాడు. "ఒరేయ్, కొత్తవి తర్వాత కొందువు గానీ, ఇప్పుడు బండిలో ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో చూశావా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తొమ్మిది వందల డాలర్లు మిగిల్చింది.

బావ చెప్పాడని ఒకరోజు ఒక్కణ్నే వెళ్లి, స్టీరింగ్ కనిపించేలా ఫోన్ బిగించి హైవే 17 మీద వీడియో తీశాను. ఇదిగో, ఆ క్లిప్ స్లోలో చూడండి. ఒక్క మలుపులో నా చేతులు నాలుగుసార్లు సర్దుతున్నాయి. తిప్పాను, బండి వెంటనే రాలేదు. ఇంకొంచెం తిప్పాను, ఇప్పుడు ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. ఎక్కువైందని వెనక్కి తిప్పాను, మళ్లీ సర్దాను. మలుపు అయిపోయి రోడ్డు తిన్నగా వచ్చాక కూడా బాడీ రెండుసార్లు ఊగింది. స్టీరింగ్ పట్టుకున్న నాకు అది తెలియదు, ఎటు తిరుగుతుందో నా చేతులకి ముందే తెలుసు కాబట్టి. వెనక కూర్చున్న మనిషి మెడకి ప్రతి సర్దుబాటూ ఒక కుదుపు. వంద మలుపులకి నాలుగు వందల కుదుపులు. అమ్మ కడుపు తిప్పకుండా ఎలా ఉంటుంది?

మలుపుల కోసం బండిని బాగు చేయడమంటే రేసులకని చాలామంది అనుకుంటారు. నాకైతే వెనక సీటే ముఖ్యం. ఒక్కసారి తిప్పితే బండి ఒక్కసారే ఒరిగి, అక్కడే నిలబడి, మలుపు అయ్యాక నిటారుగా లేచి ఆగాలి. అంతే కావాలి.

మొదట టైర్లు. సైడ్‌వాల్ మీద ఈ చిన్న గడిలో నాలుగు అంకెలు చూడండి, 3515. అంటే 2015లో 35వ వారం తయారీ. కాయ్‌న్ పెట్టి చూస్తే గాడి ఇంకా లోతుగానే ఉంది, అందుకే నేను మార్చలేదు. కానీ గోరుతో నొక్కితే గోరు దిగడం లేదు, రబ్బరు చెక్కలా అయిపోయింది. పైగా ఒక వెనక టైర్లో గాలి డోర్ దగ్గర స్టికర్ చెప్పినదానికంటే 6 పీఎస్ఐ తక్కువ. డాష్‌బోర్డు మీద లైటు రాలేదు కదా అంటారేమో, పావు వంతు తగ్గితే గానీ ఆ లైటు వెలగక్కర్లేదు. పొద్దున్నే బండి కదలకముందు గేజీతో చూసుకోవడమే దారి.

ఎస్ఈ 17 అంగుళాల వీల్స్ జంక్‌యార్డులో దొరుకుతాయి, బోల్టుల వరస కూడా ఒకటే. 215/60ఆర్16, 215/55ఆర్17 లెక్క వేస్తే మొత్తం వ్యాసంలో తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, స్పీడోమీటర్ దాదాపు మారదు. అయినా నేను 16లోనే ఉండిపోయాను. సైడ్‌వాల్ ఎత్తు ఉంటే గుంతలు మింగుతుంది, అమ్మ నడుముకి అది కావాలి. బదులుగా సైడ్‌వాల్ కాస్త గట్టిగా ఉండే, వీ స్పీడ్ రేటింగ్ ఉన్న టూరింగ్ టైర్లు వేయించాను. తిప్పగానే బండి రావడం లేదన్న బాధ సగం ఇక్కడే పోయింది.

మిగతా పని మౌంటెన్ హౌస్‌లో. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయనివ్వరు, అందుకే శనివారం తెల్లారగానే ఆల్టమాంట్ పాస్ మీదుగా బావ గ్యారేజీకి వెళ్లిపోయాను. ఇలాంటి పని చేసేవాళ్లకి ఒక మాట: జాకీ ఎత్తడానికి మాత్రమే, ఆపడానికి స్టాండులు. ఒక్క జాకీని నమ్ముకుని కింద దూరకండి, దయచేసి.

వెనక స్ట్రట్ (స్ప్రింగు లోపల ఉండే షాకు) పై నట్లు అందాలంటే సీటు విప్పాల్సి వచ్చింది. సీటు ఎత్తగానే కింద ఏం కనిపించాయో చూడండి. అక్షింతలు. బండి కొన్న రోజు లివర్‌మోర్ గుడిలో వాహన పూజ చేయించినప్పటివి. పసుపు రంగు ఇంకా పోలేదు. వాటిని ఏరి ఒక కాగితంలో కట్టి గ్లవ్ బాక్సులో పెట్టాను.

స్ట్రట్లు నాలుగూ 2008 నాటివే. వెనక రెండిటి ఒంటి మీద నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి పేస్టులా ఉంది. స్ప్రింగు బండి బరువు మోస్తుంది, కానీ దాని ఊపుని ఆపేది ఈ నూనె. అది కారిపోతే ఊపుకి అడ్డు లేదు, మలుపు అయ్యాక బాడీ రెండుసార్లు ఊగింది అందుకే. కేవైబీ కంపెనీ స్ట్రట్లు తీసుకున్నాం, ఎల్ఈకి సరిపోయే మామూలు గట్టితనానివే. పాతది విప్పడం, కొత్తది బిగించడం మేమే చేశాం. కానీ స్ప్రింగుని నొక్కి స్ట్రట్ మార్చే పని మాత్రం షాపుకి తీసుకెళ్లి చేయించాం. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం తప్పు.

ఈ రోజు అసలు దొంగ ఇదిగో, నా చేతిలో ఉంది. స్వే బార్ లింకు. చిటికెన వేలంత కడ్డీ, రెండు చివర్లా గుండ్రటి కీలు. స్వే బార్ పని ఏంటంటే, బండి ఒక పక్కకి ఒరుగుతుంటే రెండో పక్క చక్రాన్ని కూడా కలుపుకుని ఆ ఒరుగుడుని ఆపడం. ఈ లింకు దాన్ని చక్రానికి కలుపుతుంది. ఇలా ఊపితే టక్ టక్‌మని వినిపిస్తోందా? రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు ఎండి, కీలు వదులైపోయింది. అంటే బండి ముందు కాస్త ఒరిగి, ఈ ఖాళీ నిండాక అప్పుడు బార్ పట్టుకుంటుంది. "ఒక్కసారిగా పక్కకి ఒరిగింది" అన్నానే, దానికి చాలావరకు కారణం ఇదే. జత నలభై డాలర్లు. ఇది అరిగి ఉండగా లావాటి బార్ వేసినా ఏం లాభం?

కొత్త లింకులు బిగించేటప్పుడు బావ ఒకటి చెప్పాడు. రబ్బరు బుష్ ఉన్న బోల్టులు ఏవి వదులు చేసినా, చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు ఇవ్వకూడదట. బండి నేల మీద నిలబడ్డ ఎత్తులో ఇవ్వాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది. మేము అప్పటికే రెండు బిగించేశాం. మళ్లీ వదులు చేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, బరువు దాని మీద పడ్డాక బిగించాం. అరగంట పట్టింది, పట్టాల్సిందే.

తర్వాత వీల్ అలైన్‌మెంట్. మొదట వెళ్లిన షాపు ముందు చక్రాలు మాత్రం సరిచేసి డబ్బు తీసుకుంది. కాగితం ఇవ్వమంటే ప్రింటర్ పనిచేయడం లేదన్నారు. లేన్ మారినప్పుడల్లా వెనక భాగం కొంచెం ఆలస్యంగా కదులుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. రెండు రోజులు చూసి ఇంకో షాపుకి వెళ్లాను. వాళ్లిచ్చిన కాగితం ఇది: ఎడమ వెనక చక్రం బయటికి చూస్తోంది, ఎర్రగా ఉన్న గడి అదే. కామ్రీకి వెనక చక్రాల టో, అంటే చక్రం లోపలికో బయటికో చూసే కోణం, కూడా సర్దుకోవచ్చు, సర్దారు. మీరు ఎక్కడ చేయించినా ముందూ తర్వాతా అంకెలున్న కాగితం అడగండి. నాలుగు చక్రాలవీ చూడండి.

లావాటి స్వే బార్ ఇక వేయలేదు. కడ్డీ పది శాతం లావైతే గట్టితనం దాదాపు నలభై ఆరు శాతం పెరుగుతుంది, అందుకే చిన్న మార్పు అనిపించేది చిన్నది కాదు. ముందు చక్రాలతో నడిచే బండికి వెనక గట్టి బార్ వేస్తే ముక్కు చురుగ్గా తిరుగుతుంది, నిజమే. కానీ తడి రోడ్డు మీద వెనక భాగం జారే ప్రమాదం కూడా పెరుగుతుంది. జారితే కంప్యూటరు పట్టుకునే సిస్టమ్ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. నా బండిలో అది లేదు. ఇక్కడ మొదటి వాన పడ్డ రోజు రోడ్డు ఎలా ఉంటుందో తెలిసీ, అమ్మని కూర్చోబెట్టుకుని ఆ పని చేయలేను.

ఇక మిగిలింది నా చేతులు, నా కాలు. నాన్న మాట గుర్తొచ్చింది: "మలుపులో బ్రేకు తొక్కొద్దురా, మలుపు రాకముందే తొక్కేయ్." చిన్నప్పుడు జీపులో ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. ముందే స్పీడు తగ్గించి, మలుపు చివర ఎక్కడుందో అక్కడికి చూసి, ఒక్కసారి తిప్పి పట్టుకోవాలి.

ఇది నిన్నటి వీడియో. అదే రోడ్డు, అదే మలుపు, స్టీరింగ్ కనిపించేలా ఫోన్. చూడండి, తిప్పాను, పట్టుకున్నాను, వదిలాను. మూడే. బాడీ ఒరుగుతోంది, ఇది ఇప్పటికీ మెత్తని బండే, కానీ ఒరిగిన చోట ఆగింది. లేచాక ఊగలేదు.

వెనక నుంచి వినిపిస్తున్న గొంతు అమ్మది. లారెల్ కర్వ్ వచ్చిందని నేను చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో నాన్న వానలో జీపు దించుతుంటే దారిలో కొండచిలువ అడ్డొచ్చిందట, లైట్లు ఆర్పి అది దాటేదాకా ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారట. నేను ఈ కథ ఎప్పుడూ వినలేదు. మలుపు మొదట్లో ఎత్తుకుని స్కాట్స్ వ్యాలీ దాకా చెప్తూనే ఉంది. అందుకే ఈ ఎనిమిది నిమిషాలూ కట్ చేయకుండా, మ్యూజిక్ పెట్టకుండా అలాగే ఉంచాను.