నా సేకరణలోకి రాబోయే రైఫిల్: ఈశాపూర్ 2ఏ1

నమస్కారం. టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉన్న మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. సైన్యాలు వాడి పక్కన పెట్టిన పాత రైఫిళ్లను సేకరించడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకమని ఈ ఛానల్ చూసేవారికి తెలుసు. రష్యా వారి మోసిన్ నాగాంట్, జర్మనీ వారి కే98కే మౌజర్ ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. ఈ ఏడాది మరొక్క రైఫిల్‌కు మాత్రమే డబ్బు, బీరువాలో చోటు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కటీ ఏది కావాలన్న ఆలోచనను ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

దానికన్నా ముందు చట్టం సంగతి చెప్పాలి. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు. సేకర్తల కోసం ‘క్యూరియోస్ అండ్ రెలిక్స్’ అనే ప్రత్యేక లైసెన్సు ఉంది. 30 డాలర్లు కడితే మూడేళ్లు చెల్లుతుంది. తయారై 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న తుపాకులను ఈ లైసెన్సు మీద నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు, కానీ కొన్న ప్రతిదాన్నీ, అమ్మిన ప్రతిదాన్నీ పుస్తకంలో నమోదు చేయాలి. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మీ రాష్ట్రంలోని నిబంధనలు చూసుకోకుండా అడుగు వేయవద్దు.

నా జాబితాలో మొదట అమెరికా వారి ఎం1 గరాండ్ ఉండేది. 1936లో సైన్యం స్వీకరించిన ఈ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎనిమిది తూటాల క్లిప్పుతో పనిచేస్తుంది. అద్భుతమైన తుపాకీయే గానీ ఇక్కడ దాదాపు ప్రతి సేకర్త దగ్గరా ఉంటుంది. రెండోది స్విట్జర్లాండ్ వారి కే31. తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టును తిప్పే పని లేకుండా తిన్నగా వెనక్కి లాగితే చాలు, ఖాళీ తొడుగు బయటికి వస్తుంది. ఆ నునుపు మరే పాత రైఫిల్‌లోనూ నాకు కనిపించలేదు. దాని భుజానికి ఆనే మడమ పలక విప్పితే లోపల ఒక్కోసారి ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు, దళం రాసిన చీటీ దొరుకుతుంది. ఆ చీటీ కోసమే కే31 కొందామని చాలాకాలం అనుకున్నాను.

అయినా నా మనసు ఈశాపూర్ మీదే నిలిచింది. కోల్‌కతాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున, పాత తుపాకీమందు కర్మాగారం ఉన్న చోటే 1904లో రైఫిల్ ఫ్యాక్టరీని స్థాపించారు. మన పోలీస్ స్టేషన్ల ముందు, ట్రెజరీల దగ్గర కానిస్టేబుళ్ల భుజాన చిన్నప్పటి నుంచీ మనం చూసిన ‘త్రీ నాట్ త్రీ’ రైఫిళ్లు ఎన్నో అక్కడ తయారైనవే. అసలు నమూనా బ్రిటిష్ వారి లీ ఎన్‌ఫీల్డ్. 1914లో భారతీయ దళాలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగినప్పుడు, పాత రైఫిళ్లు తీసుకుని అప్పటి కొత్త రకమైన మార్క్ 3ని చేతికిచ్చారు. అలవాటు లేని ఆయుధంతో, అలవాటు లేని చలిలో ఆ సిపాయిలు నేరుగా కందకాల్లోకి వెళ్లారు. ఈ చరిత్ర మోసే తుపాకీ నా సేకరణలో లేకపోవడం నాకు వెలితిగానే ఉంది. పైగా భారతదేశంలో .303 నిషిద్ధ బోరు, అంటే పౌరులకు అనుమతి లేని గొట్టం కొలత కావడం వల్ల సామాన్య పౌరుడు దాన్ని కొనలేడు. అదే ఈశాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారుచేయడం వెనక ఉన్న కారణం కూడా అదే.

అలాంటప్పుడు .303నే కొనవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తూటాల ధర ఒక కారణం, కానీ పెద్ద కారణం అది కాదు. 1962లో చైనాతో జరిగిన యుద్ధం మన సైన్యానికి ఆధునిక ఆయుధాలు ఎంత తక్కువగా ఉన్నాయో చూపింది. 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాను వాడే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ తయారీ మొదలైనా, అందరికీ సరిపడా వెంటనే రాలేదు. ఆ లోటు పూడ్చడానికి ఈశాపూర్ ఇంజనీర్లు తమ చేతికి బాగా అలవాటైన పాత లీ ఎన్‌ఫీల్డ్ రూపాన్నే తీసుకుని, మరింత గట్టి ఉక్కుతో, కొత్త తూటాకు తగిన చతురస్రపు మ్యాగజైన్‌తో 2ఏ రైఫిల్‌ను తయారుచేశారు. ఆ తర్వాత వెనక గురిపట్టీ మీది 2000 గుర్తును 800 మీటర్లకు కుదించి 2ఏ1 అన్నారు. పాత .303నే మార్చి చేసిన తుపాకీ అని దీన్ని ఇక్కడ కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. అది పూర్తిగా తప్పు. ఇది మొదటి నుంచీ 7.62 కోసమే కొత్తగా చేసిన రైఫిల్. స్వతంత్ర భారతదేశం తన అవసరానికి తానే ఆలోచించి చేసుకున్న ఆయుధం కాబట్టి, సామ్రాజ్యం కోసం చేసిన .303 కన్నా ఇదే నాకు దగ్గరగా అనిపిస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మడమ కర్ర బిగించే ఇనుప భాగం మీద ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఈశాపూర్) అక్షరాలు, నమూనా పేరు, తయారీ సంవత్సరం చెక్కి ఉంటాయి. బోల్టు మీద, అది అమరే రిసీవర్ అనే లోహపు చట్రం మీద సీరియల్ నంబర్లు ఒకటేనా అని చూడాలి. ముందు కర్ర మీద వైరు చుట్టి ఉంటే అది గ్రెనేడ్లు విసరడానికి వాడినది. దాన్ని గోడకు అలంకారంగా ఉంచుకోవచ్చు గానీ కాల్చడానికి నేను సాహసించను. డీపీ (డ్రిల్ పర్పస్) అన్న గుర్తు ఉంటే కవాతు శిక్షణకే పరిమితం చేసిన తుపాకీ అని అర్థం. దిగుమతిదారులు గొట్టం కోసి ‘జంగిల్ కార్బైన్’ పేరుతో అమ్మిన పొట్టి రకాలను నేను అసలు పట్టించుకోను, ఎందుకంటే అసలు రూపం పోయినప్పుడు ఆ చరిత్రలో సగం కోతకే పోయినట్లు లెక్క.

ప్రస్తుతం నా కళ్ల ముందు రెండు ఉన్నాయి. ఒకదాని గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది, కానీ ముందు కర్రను ఎవరో కురచ చేసి వార్నిష్ పూశారు. రెండోది 1967 నాటిది. గొట్టం కాస్త నల్లబడినా గాడులు పదునుగానే ఉన్నాయి, నంబర్లు కలుస్తున్నాయి, నూనె పీల్చుకున్న కర్ర మీద దశాబ్దాల చేతుల రాపిడి తెలుస్తోంది. నేను రెండోదాన్నే ఎంచుకుంటున్నాను. డబ్బు కట్టేముందు గన్‌స్మిత్ చేత హెడ్‌స్పేస్‌ను, అంటే మూసిన బోల్టుకూ తూటాకూ మధ్య ఉండే ఖాళీని, గేజ్‌తో కొలిపిస్తాను. ఆ కొలత సరిపోతే, బజారులో దొరికే ఎక్కువ పీడనపు .308 వేట తూటాలను కాకుండా 7.62 నాటో తూటాలనే వాడతాను. ఇంట్లో పిల్లలు ఉన్నారు కాబట్టి, మిగతా రెండు రైఫిళ్ల లాగానే దీని బోల్టును కూడా విడదీసి, వేరే తాళం కింద పెడతాను.