గుర్రంతో రెండు రాత్రులు: కెటిల్ మొరైన్ హార్స్ క్యాంప్ రివ్యూ

అందరికీ నమస్కారం. వెనకాల కరకరమని వినిపిస్తున్న చప్పుడు మా గుర్రం గౌరిది, పొద్దున్నే ఎండుగడ్డి నములుతోంది. విస్కాన్సిన్‌లో కెటిల్ మొరైన్ స్టేట్ ఫారెస్ట్ దక్షిణ భాగం ఇది. పాల్మైరా ఊరి దగ్గర గుర్రాలతో వచ్చేవాళ్ల కోసమే ఉన్న క్యాంప్‌లో దిగాం. మేముండేది షికాగో శివార్లలో. ట్రైలర్ తగిలించుకుని నిదానంగా వస్తే రెండు గంటలపైనే పట్టింది.

ముందు దారుల సంగతి. గుర్రాలు తిరిగే దారులు 50 మైళ్లకు పైగా ఉన్నాయి, నేల ఎక్కడా ఒక్కలా ఉండదు. 10 వేల ఏళ్లకు ముందు, మంచుయుగంలో, రెండు పెద్ద హిమానీనదాలు ఇక్కడ పక్కపక్కనే ఆనుకుని, మోసుకొచ్చిన రాళ్లూ ఇసుకా మధ్యలో గట్టులా పోశాయి. ఆ గట్టే మొరైన్. అందులో పూడుకుపోయిన మంచుగడ్డలు కరిగి పైనేల కుంగితే పెద్ద గుంటలు పడ్డాయి, అవి కెటిల్స్. జీను మీద కూర్చుంటే ఈ చరిత్రంతా నడుముకి తెలుస్తుంది. గట్టెక్కేటప్పుడు ముందుకి వంగి జూలు పట్టుకుంటాం, దిగేటప్పుడు మడమలు కిందికి నొక్కి, పగ్గం కాస్త వదిలి, గుర్రాన్ని దాని అడుగుకే వదిలేస్తాం. గులకరాళ్ల నేల కాబట్టి లాడాలు గానీ హూఫ్ బూట్లు (గిట్టలకి తొడిగే బూట్లు) గానీ లేకుండా గుర్రాన్ని తేకండి. ఐస్ ఏజ్ ట్రెయిల్ కూడా ఈ అడవిలోంచే పోతుంది, అది మాత్రం కాలినడక వాళ్లది. బోర్డులు చూసుకుని మలుపు తిరగండి.

దారులకి నేను పూర్తి మార్కులు వేస్తాను. కానీ గుర్రంతో క్యాంపింగ్ అంటే అసలు పరీక్ష రాత్రిపూటే.

గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. మొన్న సాయంత్రం ఇక్కడి నీళ్లు బకెట్‌లో పెడితే గౌరి మూతి ఆనించి, పై పెదవి ఒక్కసారి ఎత్తి, తల తిప్పేసుకుంది. కొత్త నీళ్ల వాసన దానికి నచ్చలేదు. ఎండుగడ్డి తిని నీళ్లు తాగకపోతే మేత పేగుల్లో గట్టిపడిపోతుంది. కోలిక్ అంటారు, గుర్రాల ప్రాణం తీసే జబ్బు. ఆ రాత్రి నాకు కునుకు లేదు. గంటకోసారి లేచి, డొక్కకి చెవి ఆనించి పేగుల చప్పుడు వినడం, లద్దె వేసిందా అని టార్చి వేసి చూడటం. గడ్డిని నీళ్లలో నానబెట్టి పెట్టాను. చివరికి బకెట్‌లో కొంచెం యాపిల్ జ్యూస్ కలిపితే రాత్రి రెండు గంటలకి తాగింది. మెడ మీద చెయ్యి వేసి ఒక్కో గుటకా లెక్కపెట్టాను. మీరు వస్తే ఇంటి నీళ్లు డబ్బాల్లో తెచ్చుకోండి. లేదంటే వారం ముందు నుంచే ఆ జ్యూస్ నీళ్లు అలవాటు చేయండి.

గుర్రాన్ని కట్టమన్న చోటే కట్టండి, చెట్టు మొదలుకి వద్దు. తాడు ఒరిపిడికి బెరడు లేచిపోతుంది, రాత్రంతా గిట్టలతో తవ్వితే వేళ్లు బయటపడతాయి. వెళ్లేటప్పుడు లద్దె మొత్తం ఎత్తేయండి.

కాగితాలు కూడా మర్చిపోవద్దు. మాలాగా వేరే రాష్ట్రం నుంచి గుర్రాన్ని తెస్తే వెటర్నరీ డాక్టర్ సర్టిఫికెట్, 12 నెలల లోపు చేయించిన కాగిన్స్ పరీక్ష రిపోర్టు ఉండాలి. ఆ పరీక్ష గుర్రాల్లో వచ్చే ఒక రక్తహీనత వైరస్ కోసం. దానికి మందు లేదు, జోరీగలు అంటిస్తాయి. ఇక్కడ వేసవిలో జోరీగలు ఎలా ఉంటాయో చూస్తే ఆ రూలు ఎందుకో అర్థమవుతుంది. గౌరికి ముఖం మీద వల తొడిగినా పొట్ట కింద రెండు చోట్ల రక్తం చూశాను. కారుకి ప్రవేశ స్టిక్కర్, 16 ఏళ్లు నిండి గుర్రమెక్కే ప్రతి ఒక్కరికీ ట్రెయిల్ పాస్ తప్పనిసరి. కట్టెలు ఇంటి నుంచి తేకండి. సర్టిఫై చేసినవైనా ఉండాలి, 10 మైళ్ల లోపలివైనా అయ్యుండాలి. కట్టెల్లో దాగిన పురుగు ఈ అడవికి అంటకూడదని ఆ జాగ్రత్త.

మేము మళ్లీ అక్టోబర్‌లో వస్తున్నాం. చలి పడితే జోరీగలు పోతాయి, ఓక్ ఆకులు రంగు తిరుగుతాయి. వేట సీజన్ కాబట్టి, వేటగాళ్లకి కనపడేలా ఈసారి నాకూ గౌరికీ నారింజ రంగు జాకెట్లు. నీళ్ల డబ్బాలు ఆరు.