ఒక గ్రహం, రెండు పేర్లు, నడుమ హోల్డెన్: ది ఎక్స్‌పాన్స్ సీజన్ 4 రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు ది ఎక్స్‌పాన్స్ అనే ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ సీరీస్ సీజన్ 4 గురించి మాట్లాడుకుందాం. 2019 డిసెంబర్‌లో ప్రైమ్ వీడియోలో వచ్చింది, పది ఎపిసోడ్లు. పాతదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్ అంటారేమో. అంతరిక్షంలో రెండు వర్గాల మధ్య రాజీ కుదర్చడానికి వెళ్లినవాడి కష్టాన్ని ఇంత దగ్గరగా చూపించిన సీజన్ నాకింకోటి తగల్లేదు. అందుకే. స్పాయిలర్లు వచ్చే ముందు చెప్తాను, కంగారు పడకండి.

మూడో సీజన్ చివర్లో రింగ్ గేట్లు, అంటే దూరపు నక్షత్రాలకి దారితీసే ద్వారాలు, తెరుచుకున్నాయి కదా. అవతల 1300కు పైగా నక్షత్ర వ్యవస్థలు. ఇంకా ఎవరూ వెళ్లకూడదు అని ఆంక్షలు ఉండగానే గురుడి ఉపగ్రహం గానిమీడ్ నుంచి శరణార్థులుగా వచ్చిన బెల్టర్లు (గ్రహశకలాల మీదా, అంతరిక్ష కేంద్రాల్లోనూ పుట్టి పెరిగినవాళ్లు) కొందరు దూసుకెళ్లి ఒక గ్రహం మీద దిగిపోయారు. ఎక్కడా వీళ్లని దిగనివ్వలేదు మరి, ఏం చేస్తారు? దానికి ఇలస్ అని పేరు పెట్టుకున్నారు, లిథియం తవ్వుకుంటున్నారు. ఆ తర్వాత భూమి నుంచి ఆర్‌సీఈ (రాయల్ చార్టర్ ఎనర్జీ) అనే కంపెనీ దిగింది. చేతిలో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన చార్టర్ (అనుమతి పత్రం), వెంట శాస్త్రవేత్తలు, వాళ్లతో పాటు సెక్యూరిటీ. వాళ్ల కాగితాల్లో ఆ గ్రహం పేరు న్యూ టెర్రా.

పట్టా ఒకరి పేరున ఉండి, సాగు ఇంకొకరు చేసుకుంటుంటే ఊళ్లో ఏమవుతుందో మనకి తెలియనిదా? ఇక్కడా అదే గొడవ. కాకపోతే ఇక్కడి నుంచి తహసీల్దారుకి ఒక మాట చేరాలంటే, కాంతి వేగంతో పోయినా గంటలు పడుతుంది. జవాబొచ్చేసరికి ఇక్కడ శవాలు లేస్తాయి. కంపెనీ షటిల్ దిగుతుండగానే ల్యాండింగ్ ప్యాడ్ పేలింది, మనుషులు పోయారు. ఆ రక్తం మీద మొదలవుతుంది కథ.

రాజీ కుదర్చమని పంపింది రోసినాంటే అనే ఓడ కెప్టెన్ హోల్డెన్‌ని. పంపినావిడ క్రిస్జెన్ అవసరాల, ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్. అవునండీ, మన అవసరాలే. ఆ ఇంటిపేరు ఇంగ్లిష్ సీరీస్‌లో మొదటిసారి విన్నప్పుడు నేను వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ పాత్ర వేసిన షోరే అగ్దష్లూ ఇరాన్‌లో పుట్టిన నటి. గొంతులో ఆ గరుకు, ఆ బూతులు, ఆ బట్టల దర్పం... ఆవిడ తెర మీదుంటే పక్కవాళ్లు కనబడరు.

ఇక అసలు విషయం. హోల్డెన్ ఉత్త మధ్యవర్తి అయితే ఇది మామూలు కథే. అవసరాల అతనికి ఇంకో పని కూడా అప్పగించింది. ఆ గ్రహం మీద ఎప్పుడో అంతరించిన ఏలియన్ల కట్టడాలున్నాయి, అవి ప్రమాదమా కాదా తేల్చమంది. దానికి తోడు హోల్డెన్‌కి మాత్రమే కనిపించే మిల్లర్ ఒకడు. మిల్లర్ డిటెక్టివ్. చచ్చిపోయాడు. ప్రోటోమాలిక్యూల్, అంటే ఆ ఏలియన్లు తయారుచేసిన పదార్థం, అతని రూపాన్ని వాడుకుని, ఆ ఏలియన్లకి ఏమైందో వెతికిస్తోంది. అంటే ఈ దర్యాప్తు చేసేది పోయిన మనిషి, చేయించేది అసలు మనిషే కాదు, ఒక పదార్థం. థామస్ జేన్ ఆ టోపీ పెట్టుకుని నిలబడితే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఇక్కడే ఈ సీజన్ నాకు నచ్చింది. రెండు పక్షాలనీ నిజం చెప్పమని అడుగుతున్న పెద్దమనిషి తన దగ్గరున్న పెద్ద నిజాన్ని ఇద్దరి దగ్గరా దాస్తున్నాడు. ఊరు ఖాళీ చేయండి, ఇక్కడ ప్రమాదం ఉంది అంటాడు. ఎందుకో విడమరిచి చెప్పడు. బెల్టర్లు ఎలా నమ్ముతారు? వాళ్ల జీవితమంతా ఎవడో ఒకడు వచ్చి ఖాళీ చేయమన్నవాడే. కంపెనీ సెక్యూరిటీ పెద్ద మర్ట్రీ అసలే నమ్మడు. అందరూ చూస్తుండగా ఒక బెల్టర్‌ని కాల్చేసి, చట్టం నా వైపుంది అన్నట్టు నిలబడతాడు. బర్న్ గోర్మన్ అరవకుండానే వణికించాడు.

బెల్టర్ల వైపు లూసియా అని డాక్టరమ్మ. ఆ ప్యాడ్ పేలుడులో ఆవిడ చెయ్యి కూడా ఉంది. రోజూ గాయాలకి కట్టు కట్టే మనిషి! ఆవిడా, హోల్డెన్ జట్టులో ఉన్న బెల్టర్ నయోమీ ఓడలో కూర్చుని మాట్లాడుకునే సీన్లు ఈ సీజన్‌కే ప్రాణం. నయోమీ నేల మీద ఎందుకు ఉండదంటే, బరువు లేని చోట పెరిగిన ఎముకలు. మందులు వాడి, కసరత్తు చేసి దిగుతుంది. ఒళ్లు ఒప్పుకోదు, తిరిగి పైకి పోవాల్సి వస్తుంది. "ఈ నేల మాది" అంటున్న బెల్టర్లు ఆ నేల మీద నిలబడటానికే ఎంత ఖర్చు పెట్టారో ఆ ఒక్క సంగతితో తెలిసిపోతుంది. దీని మీద ఉపన్యాసం ఇవ్వకుండా వదిలేశారు, సంతోషం.

ఇంకో చిన్న సంగతి. ఇలస్ సీన్లలో ఫ్రేమ్ వెడల్పవుతుంది, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. మీ టీవీ పాడవలేదు, కావాలనే చేశారు. ఓడల ఇరుకు నుంచి ఆకాశం కిందికొచ్చిన తేడా కళ్లకి తెలుస్తుంది.

ఇప్పుడు స్పాయిలర్లు. చూడనివాళ్లు ఒక నిమిషం ముందుకి జరపండి.

సగం దాటాక గ్రహం అవతల పెద్ద పేలుడు, ఆ వెంటే సునామీ. రెండు పక్షాలూ ఒకే శిథిలంలో తలదాచుకుంటాయి. తాకితే చంపే పురుగులు, ఆపైన అందరికీ చూపు పోవడం. హోల్డెన్‌కి ఒక్కడికే పోదు. మొదటి సీజన్‌లో ఈరోస్ అనే గ్రహశకలం మీద రేడియేషన్ తగిలి క్యాన్సర్ మందులు వాడుతున్నాడు కదా, ఆ మందే కాపాడింది. ఎక్కడో వేసిన ముడిని ఇక్కడ విప్పడం బాగుంది. కానీ నా పేచీ కూడా ఇక్కడే. నీళ్లు వచ్చేశాక నేల ఎవరిది అన్న ప్రశ్నని ఎవరూ పట్టించుకోరు. మర్ట్రీ ఏమో లాభం కోసం ఎంతకైనా తెగించేవాడిగా తేలిపోతాడు. విలన్ అంత స్పష్టంగా దొరికితే రాజీతో పనేముంది? చార్టర్ పట్టుకున్న ఒక మంచివాడు, అతనికి ఎదురుగా ప్యాడ్ పేల్చిన లూసియా కూర్చుని మాట్లాడి ఉంటే... ఆ సీన్ కోసం చివరిదాకా ఎదురుచూశాను, రాలేదు.

స్పాయిలర్లు అయిపోయాయి. మిగతా దారాల్లో, అంగారకుడి మీద, అక్కడి సైన్యంలో పనిచేసిన బాబీ కథ బాగుంది. కొత్త గ్రహాలు ఊరికే దొరుకుతుంటే, తరాల తరబడి తమ గ్రహాన్ని పచ్చగా చేస్తామని బతికిన జనం ఏమైపోవాలి? భూమి మీద అవసరాలకీ, ఆవిడ మీద పోటీ చేసే నాన్సీ గావ్‌కీ మధ్య ఎన్నికల గొడవ మాత్రం నాకు నత్తనడకే అనిపించింది.

నేరుగా నాలుగో సీజన్ చూడొచ్చా అంటే, వద్దండీ. మిల్లర్ ఎవరో తెలియకపోతే సగం పోతుంది. మొదటి సీజన్ మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టండి, తర్వాత అదే లాక్కెళ్తుంది. చదివే అలవాటుంటే జేమ్స్ ఎస్. ఎ. కోరీ రాసిన సిబోలా బర్న్ దీనికి మూలం, 2014లో వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది ఇద్దరు రచయితలు, డేనియల్ అబ్రహం, టై ఫ్రాంక్. భూమి మీది ఎన్నికల గోల అందులో లేదు, ఇలస్ మీదే ఎక్కువసేపు ఉంటారు. నా ఓటు ముందు సీరీస్‌కి, ఆ తర్వాత పుస్తకానికి.