రెండు రోజుల ఆఫీసు పనిలో నెల్లూరు చూడటం ఎలా?

[తెరపై: తెల్లవారుజామున నెల్లూరు రైల్వే స్టేషన్ బయట ఆటోలు, లాప్‌టాప్ బ్యాగులతో దిగుతున్న జనం]

నమస్తే అండీ. ఆడిట్ అనో, మార్కెటింగ్ అనో, పోర్టులో పని అనో నెల్లూరు వచ్చేవాళ్లు రోజూ రైలు దిగుతూనే ఉంటారు. రెండు రోజులు ఉంటారు. స్టేషన్, లాడ్జి, ఆఫీసు, మళ్లీ స్టేషన్. ఊరెలా ఉందని ఇంట్లో అడిగితే "ఎండ ఎక్కువ, చేపల పులుసు బాగుంది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. ఒక పక్క పెన్న, ఇంకో పక్క సముద్రం ఉన్న ఊరికి వచ్చి రెండూ చూడకుండా వెళ్లిపోవడం ఏమిటి?

దీనికి సెలవు పెట్టక్కర్లేదు. పని ఎగ్గొట్టక్కర్లేదు. పని మీద వచ్చినవాళ్లకు రోజంతా ఖాళీ దొరకదు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత కాస్త సమయం దొరుకుతుంది. నెల్లూరులో చూడదగ్గవి చాలావరకు ఆ రెండు వేళల్లోనే బాగుంటాయి. నడి మధ్యాహ్నం ఇక్కడ గుడులు మూసి ఉంటాయి, బీచ్‌లో ఇసుక కాలుతుంటుంది. అంటే మీరు ఆఫీసులో ఉండే సమయంలో ఊళ్లో మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు.

[తెరపై: చేత్తో గీసిన నెల్లూరు పటం. పైన పెన్న, కుడివైపు సముద్రం, మధ్యలో నిలువుగా రైలు కట్ట]

ముందు ఈ పటం ఒక్క నిమిషం చూడండి. ఊరికి ఉత్తరాన పెన్న. తూర్పున సముద్రం. రైలు కట్ట ఊరిని నిలువునా రెండు చేస్తుంది. పాత ఊరు, రంగనాయకులపేట, ట్రంక్ రోడ్డు ఒక ముక్క. బీచ్‌కు వెళ్లే దారి తూర్పున. జొన్నవాడ, నరసింహకొండ పడమర. ఒక పూటకు ఒకే దిక్కు పెట్టుకోండి. పొద్దున తూర్పుకు వెళ్లి అటునుంచి అటే పడమరకు వెళ్దాం అనుకుంటే తొమ్మిదిన్నర మీటింగుకు టెన్షన్ తప్పదు.

ఇక మీ పని ఏ వేళ మొదలై ఏ వేళ అయిపోతుందో చూసుకోండి, ఎందుకంటే అందరి ఖాళీ ఒకలా ఉండదు. బ్యాంకు ఆడిట్‌కు వచ్చినవాళ్లకు పొద్దున తొమ్మిది దాకా, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ. మెడికల్ రెప్‌లది వేరే లెక్క. పొగతోటలో ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లకు డాక్టర్లు ఓపీ అయ్యాక గానీ దొరకరు కాబట్టి రాత్రి పొద్దుపోతుంది, కానీ తెల్లవారుజాము మొత్తం వాళ్లదే. కృష్ణపట్నం పోర్టు పని అయితే పొద్దున్నే కారు వచ్చేస్తుంది, వాళ్లకు మిగిలేది సాయంత్రమే. రొయ్యల మేత, హేచరీల (రొయ్య పిల్లల్ని పెంచే కేంద్రాలు) పని మీద వచ్చినవాళ్లు అదృష్టవంతులు. ఇందుకూరుపేట వైపు చెరువుల దగ్గరే వాళ్ల పని, ఆ దారి నేరుగా మైపాడు బీచ్‌కు పోతుంది.

[తెరపై: రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్న ఏరేటర్లు]

మైపాడు గురించి కాస్త వివరంగా చెప్తాను. చాలామంది దీన్ని తప్పు వేళలో చూసి, "ఏముంది అక్కడ" అని తిరిగొస్తారు.

ఊళ్లోంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలో దిగడు. సాయంత్రం ఆరింటికి మీటింగ్ ముగించుకుని సూర్యాస్తమయం చూద్దామని బయల్దేరితే సూర్యుడు మీ వీపు వెనక, పొలాల మీద దిగిపోతాడు. మీరు చేరేసరికి చీకటి. అందుకే మైపాడును పొద్దుటికే పెట్టుకోండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాక. మే నెలాఖరులో ఆరు కాకముందే. రోడ్డు మీద ముప్పావుగంట వేసుకుని, వెలుగు రావడానికి కాస్త ముందే ఇసుక మీద ఉండేలా బయల్దేరండి. ఏడున్నరకు వెనక్కి తిరిగితే ఎనిమిదిన్నర లోపు లాడ్జిలో స్నానం చేస్తుంటారు.

కారు గానీ ఆటో గానీ ముందు రోజు రాత్రే మాట్లాడుకోండి. ఎండాకాలం అయితే "రేపు పొద్దున నాలుగున్నరకు మైపాడు, అక్కడ గంట ఉండి తిరిగి రావాలి" అని స్పష్టంగా చెప్పండి. రానుపోను ఎంత, అక్కడ ఆగినందుకు వేరేగా ఉంటుందా, ఇప్పుడే తేల్చుకోండి. ఆ వేళ తీరంలో తిరుగు ఆటో వెతుక్కోవడం కష్టం. లాడ్జి రిసెప్షన్‌లో అడిగితే వాళ్లకు తెలిసిన డ్రైవర్‌ను పిలుస్తారు, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు అదే మంచి పద్ధతి.

ఇంకొక్క మాట, దయచేసి వినండి. పాదాలు తడుపుకోండి, అంతవరకే. నీళ్లలోకి దిగొద్దు. అల మామూలుగా కనిపించినా ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఊరు తెలియని మనిషి, తెల్లవారుజాము, చుట్టూ ఎవరూ ఉండరు. అక్కడి మత్స్యకారులు "దిగొద్దన్నా" అన్నారంటే వెంటనే వెనక్కి రండి. సముద్రం సంగతి వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పోర్టు వైపు పని ఉన్నవాళ్లకు మైపాడు కంటే కొత్తకోడూరు తీరం వీలుగా ఉండొచ్చు. అది తోటపల్లిగూడూరు మండలంలో ఉంది. తీరం దగ్గరే వేళంగణి మాత చర్చి ఉంది. మీ డ్రైవర్‌ను అడిగి, దారి కలిసొస్తేనే పెట్టుకోండి.

[తెరపై: రంగనాయకులపేట వీధి, చివర గాలిగోపురం]

సాయంత్రానికి నేను చెప్పేది ఒక్కటే: పాత ఊరు. ఆఫీసు అవ్వగానే నేరుగా రంగనాయకులపేటకు వెళ్లండి. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. స్వామి ఆదిశేషుడి మీద పడుకుని ఉంటాడు. ఎత్తైన గాలిగోపురం దూరం నుంచే దారి చూపిస్తుంది. లోపల అద్దాల మండపం ఉంది, అది తీసి ఉందో లేదో అడిగి చూడండి. దర్శనం అయ్యాక తొందరపడి ఆటో ఎక్కేయకండి. ఏటి గట్టు వైపు పది నిమిషాలు నడవండి. పెన్నలో నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. పైన సోమశిల డ్యామ్ నుంచి వదిలినప్పుడు నిండుగా, లేనప్పుడు ఇసుక తిన్నెలు, మధ్యలో పాయలు. ఎలా ఉన్నా చూడాల్సిందే.

13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలిన విక్రమసింహపురి ఇదే. సింహపురి అనే పేరు దానిలోంచే వచ్చింది. ఆ కొలువులో మంత్రిగా, కవిగా ఉన్న తిక్కన సోమయాజి నడిచిన ఊరు. తెలుగు చదువుకున్న మనిషి ఈ గట్టు మీద నిలబడితే ఏదో ఒకటి మనసులో కదలకుండా ఉండదని నా నమ్మకం.

అక్కడినుంచి ట్రంక్ రోడ్డు మీదుగా గాంధీ బొమ్మ సెంటర్, వీఆర్‌సీ సెంటర్ వైపు రండి. ఓపిక ఉంటే నడిచి, లేకపోతే ఆటోలో. సాయంత్రం ఏడు తర్వాత ఊరు అక్కడే ఉంటుంది. ఇంకా సమయం ఉంటే స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా. మొహర్రం నెలలో ఇక్కడే రొట్టెల పండుగ. కోరిక కోరుకునేవాళ్లు, కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె. ఏ మతం అని ఎవరూ అడగరు. ఆ రోజుల్లో మీకు నెల్లూరు పని పడితే మాత్రం గది చాలా ముందే బుక్ చేసుకోండి, ఎక్కడెక్కడినుంచో లక్షల మంది వస్తారు. పండుగ ఏటా అంతకుముందు ఏడాది కంటే పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి ప్రయాణం ఖాయం చేసేముందు క్యాలెండర్ చూసుకోండి.

[తెరపై: జొన్నవాడ గుడి ముందు పెన్న, స్నానాలు చేస్తున్న భక్తులు]

రెండో రోజు పొద్దున కూడా లేవగలిగితే పడమరకు వెళ్లండి. జొన్నవాడ కామాక్షమ్మ గుడి పదిపన్నెండు కిలోమీటర్లు, అదీ పెన్న ఒడ్డునే. పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు, మనసు బాగోలేనివాళ్లను తీసుకొచ్చినవాళ్లు ఏట్లో మునిగి గుడిలో నిద్ర చేస్తారు. అక్కడ ఫోన్ తీసి వాళ్లను ఫొటోలు తీయకండి. వాళ్లు కష్టంలో ఉండి వచ్చారు. నరసింహకొండ మీద వేదగిరి నరసింహస్వామి. కశ్యపుడు చేసిన యాగం కథ రంగనాథుణ్ణి, జొన్నవాడను, ఈ కొండను ఒకచోట కలుపుతుందని స్థలపురాణం. కొండ మీదినుంచి పెన్న, పచ్చని వరి మళ్లు కనిపిస్తాయి. ఆఫీసు ఉన్న రోజు రెండూ పెట్టుకోకండి. ఒకటే. నన్నడిగితే కొండ.

తిండి సంగతి. పొద్దున నెయ్యి కారం దోశ. బీచ్ నుంచి వస్తూ తింటే ఇంకా మంచిది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. చేపల పులుసు మధ్యాహ్నం భోజనంలోనే తినండి. రాత్రి ఆలస్యంగా తిని రైలెక్కితే నిద్ర ఉండదు, పులుపూ కారం అంతంత ఉంటాయి మరి. కొరమీనా, బొమ్మిడాయిలా, వంజరమా అని అడిగి చెప్పించుకోండి. మామిడికాయ రోజుల్లో అయితే ముక్కలు వేసి కాస్తారు, ఆ పులుసు వదలొద్దు. మీరు పని మీద కలిసిన స్థానికులు "మధ్యాహ్నం మా ఇంటికి రండి సార్" అని పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. నిన్న కాచిన పులుసు ఈ రోజు ఎలా ఉంటుందో హోటల్లో తెలియదు, ఇంట్లోనే తెలుస్తుంది. శాకాహారులు పులిబొంగరాలు అడగండి. పుల్లట్టు పిండితో చేస్తారు, సాయంత్రం బండ్ల మీద దొరుకుతాయి.

[తెరపై: చేనేత దుకాణంలో పరిచిన వెంకటగిరి చీరలు]

మధ్యాహ్నం ఎప్పుడైనా గంట ఖాళీ దొరికితే ఏసీ ఉన్న చోటే ఉండండి. ఇంటికి చీర కొనాలంటే అదే సరైన వేళ. వెంకటగిరి ఊరు దూరం, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఆ నేత చీరలు మాత్రం నెల్లూరు దుకాణాల్లో దొరుకుతాయి. పెన్న అవతల కోవూరు దగ్గర పాటూరులో కూడా మగ్గాలున్నాయి.

ఇప్పుడు వద్దనే జాబితా, ఇది కూడా ముఖ్యమే. ఉదయగిరి కోట వద్దు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట, చాలా గొప్ప చోటు, కానీ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, ఆపైన కొండ ఎక్కాలి. పెంచలకోన నరసింహస్వామి గుడి వద్దు. సోమశిల వద్దు. వీటిలో దేనికైనా పూర్తిగా ఒక రోజు కావాలి. పని మధ్య ఇరికిస్తే అటు చూసిన తృప్తీ ఉండదు, ఇటు పనీ చెడుతుంది. ఆదివారం కలిసొచ్చి ఒక రోజు అదనంగా ఉండగలిగితే అప్పుడు ఆలోచించండి.

లాడ్జి ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, చెక్ అవుట్ ఇరవై నాలుగు గంటలదా, మధ్యాహ్నం పన్నెండుదా. పొద్దున ఆరుకు దిగేవాళ్లకు ఇరవై నాలుగు గంటలది ఉంటే ఒక రోజు అద్దె మిగులుతుంది. రెండు, మీ ఆఫీసు, లాడ్జి రైలు కట్టకు ఒకే వైపు ఉంటే మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు. జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. గట్టిగా కురిస్తే అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి, ఐదు నిమిషాల దారి అరగంట అవుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో బీచ్ ఆలోచనే పెట్టుకోవద్దు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బీచ్‌కు వెళ్లిన కారు ఖర్చు మీ జేబులోంచే ఇవ్వండి. ఆఫీసు బిల్లులో కలపకండి. కంపెనీ కారులో వెళ్లాల్సి వస్తే ముందుగా మేనేజర్‌కు ఒక మెసేజ్ పెట్టండి, చాలామంది కాదనరు. డ్రైవర్‌కు మాత్రం ముందే చెప్పాలి. తెల్లవారుజామున లేపి, పగలంతా తిప్పి, రాత్రి హైవే మీద నడిపించడం ప్రమాదం. పొద్దున బీచ్‌కు తీసుకెళ్లిన మనిషికి మధ్యాహ్నం నిద్రపోయే వీలివ్వండి.

[తెరపై: చెట్ల మీద గూళ్లు, వాలుతున్న గూడబాతులు]

తిరుగు ప్రయాణం చెన్నై వైపు రోడ్డు మీద అయితే, అక్టోబరు నుంచి మార్చి మధ్య అయితే, ఇంకొకటి దారిలోనే ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రం. నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేటకు ముందు, దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి కాస్త లోపలికి. గూడబాతులు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే చోటు. పులికాట్ సరస్సులో మేత, ఇక్కడ కాపురం. మధ్యాహ్నం రెండున్నర మూడింటికల్లా నెల్లూరులో బయల్దేరితే వెలుగు ఉండగానే గంటసేపు చూసి రాత్రికి చెన్నై చేరొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి, హారన్ మాత్రం కొట్టించకండి.

రైల్లో వెళ్లేవాళ్లు స్టేషన్‌కు బయల్దేరే ముందు ఇక్కడి మిఠాయి మలై ఖాజా కొనుక్కోండి. పొద్దున్నే కొని రోజంతా ఎండలో మోయవద్దు. పాల సరుకు కాబట్టి ఎంతసేపు నిల్వ ఉంటుందో కొట్టులోనే అడిగి, దూరం వెళ్లేవాళ్లయితే ఆ సంగతి చెప్పి ప్యాక్ చేయించుకోండి.