ఒంటినిండా నొప్పి, ముగ్గురు డాక్టర్లు, ఒకటే కాగితం

యాంకర్: అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్లు మాత్రం కొట్టినట్టు నొప్పులు. ఇది ఫైబ్రోమయాల్జియానే, అంటే ఒంటినిండా నొప్పి నెలల తరబడి ఉండే జబ్బే, అని ఎట్లా తేలుస్తారు సార్?

డాక్టర్: నొప్పి మూడు నెలలు దాటి ఉండాల. 2016లో సవరించిన పద్ధతిలో ఒంటిని ఐదు భాగాలు చేసుకుని, కనీసం నాలుగింట్లో నొప్పి ఉందా అని చూస్తాం. అలసట, నిద్రపోయి లేచినా తేటగా లేకపోవడం, మతిమరుపు, వీటికీ మార్కులుంటాయి. రక్తపరీక్షలు కొన్ని చేయిస్తాం: రక్తకణాల లెక్కకు సీబీసీ, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. మన జిల్లాలో ఇంకొకటి మర్చిపోకూడదు, ఫ్లోరైడ్. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినోళ్లకు మెడ, నడుము బిగుసుకుపోతే నీళ్ల పరీక్ష, ఎక్స్‌రే చేయించాల. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే అనుమానించాల్సిందే. ముదిరిన ఫ్లోరోసిస్ ఎముకల్లో కనపడుతుంది. ఫైబ్రో ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు.

యాంకర్: అందుకే కదా "నీకేం లేదు పోమ్మా" అంటారు.

డాక్టర్: ఆ మాటతోనే మనిషి ఆసుపత్రులు పట్టుకుని తిరగడం మొదలయ్యేది. నొప్పి నిజమే. వెన్నుపాము, మెదడు నొప్పి కబురును పెద్దది చేస్తాయి. కండలో వాపు ఉండదు కాబట్టే స్టెరాయిడ్ సూదితో దీనికి పని లేదు. ఊర్లో వేసే ఆ సూదులతో షుగరు పెరిగేది, ఎముక గుల్లబారేది తప్ప ఏమీ ఒరగదు.

యాంకర్: దీనికి డాక్టర్లు కలిసి టీమ్‌గా చూడాలంటారు కదా, అది పెద్ద నగరాల్లోనే కుదురుతుందేమో?

ఫిజియో: లేదండీ. ఒక ఫిజీషియన్, ఒక ఫిజియో, ఒక సైకాలజిస్టో సైకియాట్రిస్టో ఉంటే చాలు. ఒకే గదిలో కూర్చోనక్కర్లేదు. కానీ పగ్గాలు ఒకరి చేతిలోనే ఉండాల.

డాక్టర్: లేకపోతే ఏమవుతుందో చెప్తా. ఎముకల డాక్టర్ రాసిన స్ట్రిప్ తిప్పి వెనక చదవండి: ప్రీగాబాలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10, మిథైల్‌కోబాలమిన్ 1500. నిద్ర పట్టడం లేదంటే ఇంకో డాక్టర్ అమిట్రిప్టిలిన్ 10 రాస్తాడు. నార్ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ ఒకే జాతి మందులు. రెండూ కలిస్తే నోరు ఎండుతుంది, మలబద్ధకం, పొద్దున లేస్తే తూలు. దానిమీద మూడో డాక్టర్ డులోక్సెటిన్ (డిప్రెషన్‌కూ, నొప్పికీ వాడే మందు) ఇస్తే ఆ రెండు మందులూ ఒంట్లో ఇంకా పేరుకుంటాయి. నొప్పి ఎక్కువైందని ఎవరో ట్రమడాల్ అనే నొప్పి మాత్ర కలిపితే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, చెమటలు, గుండె దడ. ఏ చీటీకి ఆ చీటీ సరిగ్గానే ఉంటుంది. అన్నీ కలిస్తేనే తంటా.

యాంకర్: దీనికి విరుగుడు?

డాక్టర్: అరపేజీ కాగితం. మందు పేరు (బ్రాండు కాదు, లోపలి మందు), మోతాదు, ఎవరు రాశారు, ఏ తేదీన మొదలైంది. కింద రోజూ నడిచే నిమిషాలు, నిద్ర, ఈ నెల గురి. కాగితం రోగి దగ్గరే ఉంటుంది. అది చూడకుండా ఎవరూ కొత్త మందు రాయకూడదు. ఒకసారికి ఒకటే మార్పు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలీదు. బాగుందని ప్రీగాబాలిన్ ఒక్కసారిగా మానేయనూ కూడదు, మెల్లగా తగ్గించాల.

ఫిజియో: గురి దగ్గర నాకు పట్టుదల. "నొప్పి పోవాల" అని రాస్తే ఒప్పుకోను. "పొయ్యి ముందు నిలబడి నాలుగు జొన్న రొట్టెలు తట్టాల" అని రాయమంటా. అది కొలవగలం. ఎక్కడ ఆగిపోతున్నారో కూడా తెలుస్తుంది, భుజమా, నడుమా, ఓపికా అని.

యాంకర్: నడక ఎంతతో మొదలుపెట్టాల మేడం?

ఫిజియో: బాగాలేని రోజు కూడా చేయగలిగినంత. చాలామందికి అది ఐదు నిమిషాలే. వారమంతా అంతే, ఓపిక ఉన్నా ఆపేయాల. తర్వాత వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచడం. ఎక్కువమంది దెబ్బతినేది బాగున్న రోజే! ఇల్లంతా కడిగి, బట్టలన్నీ ఉతికి, మూడు రోజులు మంచం పడతారు. కొత్త వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులు కండ నొప్పి ఉంటే పర్వాలేదు. అంతకు మించితే సగానికి తగ్గించండి, సున్నా చేయొద్దు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడులోపే. ఫలితం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది.

డాక్టర్: 2016 నాటి యూరప్ రుమటాలజీ సిఫారసుల్లో గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కటే. మందులన్నీ దాని వెనకే. అయితే రాత్రి రెండు గంటలు కూడా నిద్ర లేని మనిషిని నడువు అంటే నడవలేరు. అట్లాంటప్పుడు నేను నిద్ర ముందు చూస్తా.

ఫిజియో: ఐదు నిమిషాలు మాత్రం మొదటి రోజు నుంచే సార్.

డాక్టర్: సరే, ఐదుకు ఒప్పుకుంటా.

యాంకర్: సైకాలజిస్టు అనంగానే ఇంటోళ్లు "పిచ్చి డాక్టర్ ఎందుకు" అంటారే?

డాక్టర్: నొప్పి కల్పితమని పంపడం లేదని ముందే చెప్పాల, అదీ భర్త, అత్తల ముందర. అక్కడ చేసేది సీబీటీ, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స: కదిలితే ఒళ్లు పాడైపోతుందన్న భయం, పగటి పడక, పడుకునే వేళలు, ఇట్లాంటివి ఒక్కొక్కటే సరిచేయడం.

యాంకర్: కాగితం రాయడం మొదలయ్యాక ఫిజీషియన్‌కు మళ్లీ ఎప్పుడు చూపించాల?

డాక్టర్: మొదట్లో నెలకోసారి. మధ్యలో కీలు వాచినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా, ఒక కాలో చెయ్యో బలం తగ్గినా ఆ వారమే రావాల. అదీ ఫైబ్రోనే అనుకుని ఊరుకోకూడదు, మొదట్నుంచి మళ్లీ పరీక్ష చేయాల.